పుల్లయ్య, కుళ్లాయప్ప, ఎర్రిస్వామి: మన సీమ పేర్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం జిల్లాలో హైస్కూలు తెలుగు టీచరును. ఏటా జూన్‌లో కొత్త హాజరు పట్టీ రాసేటప్పుడు, తన పేరు గట్టిగా చెప్పడానికి వెనకాడే బిడ్డలు కనిపిస్తూనే ఉంటారు. పేరు అడిగితే తల దించుకుంటారు, లేదా సగం పేరే చెబుతారు. ఆ పిల్లల తల్లిదండ్రులు, పై చదువులకు బెంగళూరు, హైదరాబాదు పోయిన నా పాత విద్యార్థులు, బిడ్డ పుట్టి పేరు వెతుక్కుంటున్న కొత్త దంపతులు నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. కర్నూలు, నంద్యాల, కడప, శ్రీ సత్యసాయి జిల్లాల పేర్లూ ఇందులో ఉన్నాయి. 2022లో గీసిన జిల్లా సరిహద్దులు మన పేర్లకు పట్టవు.

మా తాత పేరు పుల్లయ్య, జేజి పేరు పెంటమ్మ. కన్నబిడ్డకు ఎవరైనా అట్లాంటి పేరు పెడతారా?

పెట్టారు. బిడ్డ బతకాలని పెట్టారు.

వరుసగా ఇద్దరు ముగ్గురు బిడ్డలు పురిట్లోనో, ఏడాది నిండకుండానో పోయిన ఇంట్లో మళ్లీ కాన్పయితే ఆ తల్లికి ఒకటే భయం. ఈ బిడ్డ మీద ఎవరి కన్నూ పడకూడదు. చావు కూడా ఇది పనికిరాని బిడ్డ అనుకుని పక్కకు పోవాలి. అందుకని పసిగుడ్డును చాటలో వేసి పెంటదిబ్బ మీద కాసేపు ఉంచేవాళ్లు. ముందే మాట్లాడి పెట్టుకున్న ఇంకో ఆడమనిషి వచ్చి, నాకు బిడ్డ దొరికిందని ఎత్తుకొని, తిరిగి కన్నతల్లి చేతికే ఇచ్చేది. అట్లా దిబ్బ మీద నుంచి ఇంటికొచ్చిన బిడ్డలే పెంటయ్య, పెంటమ్మ, కుప్పయ్య, కుప్పమ్మ. పుల్లాకు అంటే అన్నం తిని పారేసిన విస్తరాకు. ఆ ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించిన బిడ్డలు పుల్లయ్య, పుల్లమ్మ. కాస్త తవుడు ఇచ్చి కొన్నట్టు చేస్తే తవిటయ్య, ఈ పేరు ఉత్తరాంధ్రలో ఎక్కువ వినిపిస్తుంది. తెలంగాణ వైపు భిక్షపతి, భిక్షమయ్య ఉన్నారు, దేవుడు వేసిన భిక్ష అని.

ఈ భయం మన ఒక్కరిదే కాదు. మహారాష్ట్రలో రాయి అనే అర్థంలో దగడూ అని పెట్టారు. చైనా పల్లెల్లో కుక్క తినగా మిగిలింది అనే అర్థంలో గోషెంగ్ అని పిలుచుకున్నారు. ఎక్కడి తల్లయినా బిడ్డను దాచుకోవడానికి చేసిన పనే ఇది.

ఆ భయం ఉత్తది కాదు. 1971లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది తొలి పుట్టినరోజు చూడకుండానే పోయారు. 2020 నాటికి ఆ లెక్క 28కి దిగింది. పెంటయ్య, పుల్లయ్య పేర్లు కొత్తగా పెట్టడం ఆగిపోయింది కూడా ఈ మధ్యకాలంలోనే. టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక ఆ పేర్ల అవసరం తీరింది. ఇక 1876-78 ధాత కరువు నాడు మన పల్లెల్లో ఒక్కో తల్లి ఎంతమందిని మట్టిలో పెట్టిందో తలచుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

మీ జేజి పేరు పెంటమ్మ అయితే, ఆమెకు ముందో, ఆమె ఎవరి పేరు తెచ్చుకుందో ఆ మనిషికి ముందో ఆ ఇంట్లో పోయిన బిడ్డలు ఉండే ఉంటారు. ఆ బిడ్డలను ఎవరూ ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. వాళ్లు పుట్టారనడానికి మిగిలిన గుర్తు మీ జేజి పేరు ఒక్కటే. దాన్ని విని నవ్వేవాళ్లకు ఈ మాట చెప్పండి.

అయితే తక్కువగా వినిపించే పేర్లన్నీ ప్రేమతో పెట్టినవేనా?

కాదు. ఈ రెండింటినీ కలిపేస్తే పెద్ద అన్యాయం చేసినట్టవుతుంది. మనుస్మృతి రెండో అధ్యాయం 31వ శ్లోకం బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, క్షత్రియుడి పేరు బలం తోచేట్టు, వైశ్యుడి పేరు ధనం తోచేట్టు ఉండాలని చెప్పి, శూద్రుడి పేరు జుగుప్సితంగా, అంటే అసహ్యం పుట్టేట్టు ఉండాలంటుంది. శాస్త్రం చదవని ఊళ్లలో కూడా ఆ బుద్ధి నడిచింది. దళితుల ఇళ్లలో తల్లిదండ్రులు సుంకన్న, మారెప్ప అని నిండుగా పేరు పెట్టుకుంటే, పిలిచేవాళ్లు సుంకడు, మారిగాడు చేశారు. చాలాచోట్ల రాసేవాళ్లు కూడా అట్లానే రాశారు. పై కులం మనిషి పేరు వెనక అయ్య, రెడ్డి, రావు భద్రంగా ఉండేవి. కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయనే. ఆయన పేరులోని అయ్యను ఎవరూ తీయలేకపోయారు గానీ, అదే కాలంలో ఆయన ఈడు మనుషులు ఎందరినో ఊరు సగం పేరుతోనే పిలిచింది.

అందుకే పాత రికార్డులో మీ పెద్దాయన పేరు ‘గాడు’తో ఉంటే అది ఆయన తల్లి పెట్టిన పేరు అనుకోకండి. సచివాలయంలో, బడిలో పేర్లు రాసే ఉద్యోగులకు నా మనవి కూడా ఇదే. మనిషి చెప్పిన పేరు పూర్తిగా రాయండి. కత్తిరించే హక్కు మనకు లేదు.

మా పిల్లోడు కుళ్లాయప్ప. బెంగళూరు హాస్టల్లో తోటివాళ్లు ‘కుళ్లు’ అని ఏడిపిస్తున్నారంట. పేరు మార్చమని పోరుతున్నాడు. ఏం చెయ్యాలి?

ముందు వాడికి తన పేరేంటో చెప్పండి. చాలామంది కుళ్లాయప్పలకు ఇంట్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఊళ్లో చెప్పాల్సిన పని పడదు, అందరికీ తెలుసు కాబట్టి. ఊరు దాటాకే ఇబ్బంది.

కుళ్లాయి అంటే తలకు పెట్టుకునే టోపీ. శ్రీనాథుడు కన్నడ రాజ్యంలో పడ్డ పాట్లు చెప్పుకున్న చాటువులో నెత్తిన పెట్టుకున్నది ఈ కుల్లాయినే. నార్పల మండలం గూగూడులో కొలువైన కుళ్లాయిస్వామి పేరు మీదనే అనంతపురం జిల్లాలో వేలకొద్దీ కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు, కుళ్లాయిరెడ్లు ఉన్నారు. అక్కడ పీర్ల పండుగకు జరిగే జాతర, అగ్గిగుండం, పక్కనే ఆంజనేయస్వామి గుడి, కులం మతం చూడకుండా తోసుకొచ్చే జనం ఎట్లుంటారో చూసినవాడు ఆ పేరు విని నవ్వడు. పిల్లలు లేనివాళ్లు స్వామికి మొక్కుకుని, పుడితే నీ పేరు పెట్టుకుంటామని మాటిస్తారు. మీ ఇంట్లోనూ అట్లాంటి మొక్కు ఏదో ఉండే ఉంటుంది. ఎవరు మొక్కారో, ఎప్పుడు మొక్కారో వాడికి వివరంగా చెప్పండి. వీలైతే ఈసారి పీర్ల పండుగకు ఆ హాస్టలు స్నేహితులను ఇద్దరిని వెంటబెట్టుకు రమ్మనండి.

ఇంత చెప్పాక కూడా వాడికి బాధగానే ఉంటే, వాడి మాట వినండి. మొక్కుకున్నది పెద్దలు, పేరు మోసేది వాడు. మార్చుకునే దారి కింద రాశాను.

ఎర్రిస్వామి, తిక్కస్వామి, పిచ్చయ్య. ఇవి పిచ్చివాళ్ల పేర్లు కావా?

అవధూతల పేర్లు. ఉరవకొండ, గుంతకల్లు, ఆలూరు పక్కల ఇంటింటికో ఎర్రిస్వామి ఉంటాడు. బళ్లారి దగ్గర చేళ్లగురికిలో సమాధి అయిన ఎర్రితాతను మన జిల్లావాళ్లు ఇంటి పెద్దలాగా కొలుస్తారు. బట్ట మీద, తిండి మీద ధ్యాస లేక తిరిగే మనిషిని ఊరు మొదట ఎర్రివాడు అంది. తర్వాత ఆ ఎర్రి దేవుడి మీదదని తెలుసుకుని అదే మాటను బిరుదు చేసింది. ఆదోనిలో లక్ష్మమ్మవ్వ కూడా జనం నోట తిక్క లక్ష్మమ్మే. ఆ ప్రాంతంలో తిక్కన్న, తిక్కయ్య, తిక్కమ్మ అంటే ఎవరూ తల తిప్పి చూడరు. మహాభారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన మహాకవి పేరు తిక్కన. ఆ పేరు చదివి ఏ పిల్లవాడూ నవ్వగా నేను చూడలేదు. అదే పేరు పక్క బెంచీ పిల్లవాడికి ఉంటే నవ్వుతారు. కాబట్టి తప్పు పేరులో లేదు.

పిచ్చయ్య సంగతి. తమిళంలో పిచ్చై అంటే భిక్ష. గూగుల్ సంస్థను నడిపే సుందర్ పిచాయ్ పేరులో ఉన్నది ఆ మాటే. బాల్ బ్యాడ్మింటన్‌లో 1970లో అర్జున అవార్డు తెచ్చుకున్న తెలుగువాడు జమ్మలమడక పిచ్చయ్య. ఈ ఇద్దరి పేర్లు మీ పిల్లలకు గుర్తుండేట్టు చెప్పండి.

సినిమాల్లో తెలివితక్కువవాడికి ‘వెంగళప్ప’ అని పేరు పెడతారు. మా ఇంట్లో అందరూ వెంగళరెడ్లు, వెంగన్నలు.

ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు చెప్పండి. 1866 కరువులో తన ఆస్తి కరగబెట్టి వేలమందికి గంజి పోసి బతికించిన మనిషి ఆయన. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆయన దాతృత్వం మీద పాడిన జానపద గీతాలు నేటికీ నంద్యాల, కోయిలకుంట్ల పల్లెల్లో వినిపిస్తాయి. వెంగళ అనే పేరుకు మన సీమలో ఉన్న విలువ అది. సినిమా వాళ్లకు అది తెలియకపోతే మనం తెలియజెప్పాలి.

మేము హిందువులం. మా అమ్మ హుసేనమ్మ, మామ దస్తగిరి రెడ్డి. ఊరు దాటితే మతం అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మన దగ్గర పీరు ఎవరికి బిడ్డనిస్తే వాళ్లు ఆ పేరు పెట్టుకుంటారు. దస్తగీర్ అంటే చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడు, బాగ్దాదు సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జిలానీకి బిరుదు. మస్తానమ్మ, మౌలాలి, ఫకీరప్ప, పీరమ్మ, లాలప్ప అన్నీ ఇట్లా వచ్చినవే. కడపలో పెద్ద దర్గాకు అన్ని మతాలవాళ్లూ పోతారు. అదే ఊళ్లో ఉగాదినాడు దేవునికడప వెంకటేశ్వరుడి గుడికి ముస్లింలు బెల్లం, టెంకాయలు పట్టుకుని వస్తారు, స్వామి భార్యగా కొలిచే బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు అని.

ఈ పేర్లు తగ్గిపోతున్నాయి, అదే నాకు బాధ. ఎవరో అడుగుతారని భయపడి హుసేనప్ప మనవడికి ఆ పేరు దగ్గరకు కూడా రానీయడం లేదు. నాలుగు వందల ఏళ్లు పక్కపక్కన బతికిన మనుషులు ఒకరికొకరు ఇచ్చుకున్న పేర్లు ఇవి. ఇంట్లో ఒక్కరికైనా నిలుపుకోండి.

అన్నదమ్ములిద్దరికీ ఒకే పేరు పెట్టారు. ఇప్పుడు బ్యాంకులో, పింఛనులో గందరగోళం.

పెద్ద మద్దిలేటి, చిన్న మద్దిలేటి. పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు. బయటివాళ్లు నమ్మరు గానీ మన పల్లెల్లో ఇది మామూలే. ఇంటి దేవుడు ఒకడే. బేతంచెర్ల దగ్గరి మద్దిలేటి నరసింహుడో, అహోబిలం ఓబులేశుడో, కౌతాళం మండలంలోని ఉరుకుంద ఈరన్నో, కదిరి నరసింహుడో. మొక్కు ప్రతి బిడ్డకూ ఉంటుంది, కాబట్టి పేరూ ప్రతి బిడ్డకూ అదే. ఇంట్లో పిలుపుకు ‘పెద్దోడు’, ‘నడిపోడు’, ‘చిన్నోడు’ చాలు కాబట్టి చిక్కు ఇంట్లో కనిపించదు, ఆఫీసులో కనిపిస్తుంది. ‘పెద్ద’, ‘చిన్న’ ఇంగ్లీషులో రాసేటప్పుడు పి., సి. అని ఒక్కో అక్షరమై ఇంటిపేరుతో కలిసిపోతాయి. ఒక కార్డులో ఉంటాయి, ఇంకో కార్డులో మాయమవుతాయి. తండ్రి పేరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే. పాసుపుస్తకంలో అన్న భూమి తమ్ముడి పేరున చూపించడం, ఒకరి పంట బీమా ఇంకొకరి ఖాతాలో పడటం ఇందువల్లే.

పెద్దవాళ్లు ఇప్పటికే ఉన్న పేరుతో ఉంటే, ఆధార్‌లో, బ్యాంకులో, పట్టాదారు పాసుపుస్తకంలో ‘పెద్ద’, ‘చిన్న’ పూర్తి మాటగా, అన్నింట్లో ఒకే స్పెల్లింగుతో రాయించండి. అక్షరానికి కుదించనివ్వకండి. కొత్తగా పుట్టే పిల్లలకు దేవుడి పేరు కావాలంటే పక్కన ఇంకో మాట కలపండి. మద్దిలేటి కుమార్, మద్దిలేటి ప్రసాద్ అంటే స్వామికి కోపం రాదు.

ఇదే దారిలో ఇంకో మాట. తాత పేరు మనవడికి పెట్టిన ఇంట్లో కోడలు మామ పేరు నోటితో పలకకూడదని బిడ్డను ‘తాతా’ అనో, ‘అబ్బోడు’ అనో పిలుస్తుంది. బడిలో చేర్పించేటప్పుడు ఆ పిలుపే పేరుగా రాయించిన తల్లులు ఉన్నారు. బడికి వచ్చేటప్పుడు జనన ధ్రువపత్రం తెచ్చుకుంటే ఈ పొరపాటు జరగదు.

మూడో ఆడబిడ్డ. ఇక చాలు అనే అర్థం వచ్చే పేరు పెడితే తర్వాత మగబిడ్డ పుడతాడని మా అత్త అంటోంది.

పెట్టకండి. దయచేసి పెట్టకండి.

మహారాష్ట్రలో సతారా జిల్లాలో ఇట్లా వద్దన్న పేరుతో పెరిగిన ఆడపిల్లలు వందల్లో తేలారు. నకుసా అంటే అక్కరలేనిది. 2011 అక్టోబరులో జిల్లా యంత్రాంగం సభ పెట్టి 285 మంది ఆడపిల్లలకు వాళ్లు కోరుకున్న కొత్త పేర్లు ఇచ్చింది. బడిలో, ఇంట్లో, బజార్లో రోజుకు పదిసార్లు ‘వద్దు’ అని పిలిపించుకున్న బిడ్డకు పెద్దయ్యాక కొత్త పేరు ఇచ్చినా పాత పిలుపు చెవిలో ఉండిపోతుంది. పెంటమ్మ అని పిలిచిన తల్లి బిడ్డ కావాలని పిలిచింది. ఈ పేరు బిడ్డ వద్దని చెబుతుంది. పైకి రెండూ చెడ్డ పేర్లే అయినా లోపల పొంతనే లేదు. మీ అత్తకు ఇది మెల్లగా చెప్పండి. ఆడ, మగ తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్ అనీ చెప్పండి.

పుట్టిన రోజుల్లో జరిగిన సంఘటన పేరు, నాయకుడి పేరు పెట్టవచ్చా?

ఇది మనకు కొత్త అలవాటు కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక ఏడేళ్లు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో మీద అభిమానంతో మన తాతలు బిడ్డలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. ఆయన 1827 జూలైలో పత్తికొండలో కలరాతో పోయాడు. పేరు మాత్రం తరాలు నడిచింది. దొర పేరుకు మన ‘అప్ప’ తగిలించి సొంతం చేసుకున్నారు. తర్వాత గాంధీ, నెహ్రూ, లెనిన్, స్టాలిన్ వచ్చారు. తమిళనాడు నాయకుడు స్టాలిన్ 1953 మార్చి 1న పుట్టాడు. రష్యా స్టాలిన్ ఆ నెల 5న చనిపోయాడు. ఆ రోజుల్లో ఆ పేరు ఎట్లా వినిపించిందో, ఇప్పుడెట్లా వినిపిస్తుందో చూడండి. నాయకుల మీద చరిత్ర తీర్పు మారుతుంది, బిడ్డ పేరు అదే ఉండిపోతుంది.

2020 ఏప్రిల్‌లో కడప జిల్లా వేంపల్లెలో ఇద్దరు పసిబిడ్డలకు కరోనా మాట కలిపి పేర్లు పెట్టినట్టు వార్త వచ్చింది. ఆ వారం అందరూ ముచ్చటగా చదివారు. ఆ మహమ్మారి ఎందరి ఇళ్లలో దీపాలు ఆర్పిందో తర్వాతి ఏడాది తెలిసింది. వార్త వారం ఉంటుంది. పేరు ఎనభై ఏళ్లు ఉండాలి. సంఘటన గుర్తుండాలంటే జాతకం కాగితం వెనక రాసుకోండి.

పంతులు చెప్పిన నక్షత్రం అక్షరానికి మంచి పేరు దొరకడం లేదు.

దొరకదు కూడా. హస్తకు పూ, షం, ణ, ఠ. ఆరుద్రకు కూ, ఖం, ఙ, ఛ. ఆశ్లేషకు డీ, డూ, డే, డో. ణ, ఙ అక్షరాలతో తెలుగులో మాటే మొదలు కాదు. ‘డో’ కోసం తంటాలు పడి పెట్టిన పేర్లతో పిల్లలు నా దగ్గరకు వస్తుంటారు. పెద్దలు దీనికి ఎప్పుడో దారి చూపారు. జన్మనామం పూజకు, వ్యవహారనామం లోకానికి. అక్షరంతో వచ్చిన పేరు బియ్యంలో రాసి, బిడ్డ చెవిలో చెప్పి, సంకల్పానికి దాచుకోండి. బడిలో మీకు నచ్చిన పేరు రాయించండి.

ఇంటర్నెట్‌లో ‘అందమైన అర్థం’ అని చూసి పేరు పెట్టాం. ఎవరో తప్పని అంటున్నారు.

ఆ జాబితాలను నమ్మకండి. కృతాంత్ అని కొత్త పేరు తిరుగుతోంది. కృతాంతుడు అంటే యముడు. అధీర అంటే ధైర్యం లేనిది. తమిస్ర అంటే చీకటి. అశ్మిత, అస్మిత ఒకటి కాదు. మొదటిది రాయికి సంబంధించిన మాట, రెండోది అహం. పెంటయ్య అన్న పేరు చూసి మొహం చిట్లించే చదువుకున్నవాళ్లే బిడ్డకు యముడి పేరు పెట్టి మురుసుకుంటుంటే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. ఊళ్లో తెలుగు, సంస్కృతం చదివినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. శబ్దరత్నాకరం లాంటి మంచి నిఘంటువు గ్రంథాలయంలో ఉంటుంది. ఒక్కసారి చూపించుకోండి. అరగంట పని.

రాయడానికి కూడా తేలికగా ఉండాలి. ఒత్తు కింద ఒత్తు వచ్చే పేరు ఒకటో తరగతి బిడ్డ పలక మీద రాయలేక ఏడుస్తుంది.

ఇట్లాంటి పేర్లు వద్దని ప్రభుత్వం ఆపలేదా?

మన దేశంలో నిషేధించిన పేర్ల జాబితా లేదు. కొన్ని దేశాల్లో అధికారులు, కోర్టులు జోక్యం చేసుకుంటాయి. న్యూజిలాండ్‌లో 2008లో, హవాయి హులా నాట్యం మీద ఒక వాక్యమంత పొడవు పేరు మోస్తున్న తొమ్మిదేళ్ల పాపను కోర్టు తన సంరక్షణలోకి తీసుకుని పేరు మార్పించింది. జపాన్‌లో 1993లో ఒక తండ్రి కొడుక్కి దయ్యమని అర్థమొచ్చే అకుమా పేరు రాయిస్తే కార్యాలయం ఒప్పుకోలేదు. కోర్టు దాకా పోయి చివరికి వేరే పేరు పెట్టాల్సివచ్చింది. మన పక్కనే బెంగళూరు దగ్గర భద్రాపురలో హక్కిపిక్కి తెగ కుటుంబాలు బిడ్డలకు గూగుల్, కాఫీ, సుప్రీంకోర్ట్ అని పెట్టుకుంటే ఎవరూ అడ్డుచెప్పలేదు.

నన్నడిగితే చట్టం వద్దు. ఏది మంచి పేరో తేల్చే కుర్చీలో ఎవరు కూర్చుంటారో అనుకుంటేనే భయం. ఆ కుర్చీ మొదట కుళ్లాయప్పనూ ఎర్రెమ్మనూ కొట్టేస్తుంది.

పేరు మార్చాలంటే ఏం చెయ్యాలి?

ఎంత చిన్న వయసులో అయితే అంత తేలిక. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. అప్పటికి పేరు ఖాయం కాకపోతే తొందరపడి ఏదో ఒకటి రాయించకండి. పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు ఏ రుసుమూ లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తర్వాత రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంటుంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడి ప్రవేశం, ఆధార్, పాస్‌పోర్టు, ఓటు అన్నింటికీ పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి అందులో ఒక్కో అక్షరం సరిచూసుకోండి.

బడిలో చేరాక అయితే, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా) పోయేలోపు హెడ్మాస్టరును కలిసి అర్జీ పెట్టండి. పదో తరగతి మెమోలో పడ్డ పేరు మార్చడం చాలా కష్టం. పెద్దయ్యాక మార్చుకోవాలంటే నోటరీ అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, రాష్ట్ర గెజిట్‌లో ప్రచురణ, ఆ గెజిట్ పట్టుకుని మిగతా కార్డులు. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, కాబట్టి స్పెల్లింగు దిద్దుబాట్లకు ఆ అవకాశం వృథా చేసుకోకండి. పేరు మార్చుకోవడం మనిషి హక్కులో భాగమని, రాజ్యాంగంలో భావప్రకటన స్వేచ్ఛనిచ్చే 19(1)(ఎ) అధికరణం కిందికి వస్తుందని సీబీఎస్‌ఈ సర్టిఫికెట్ల కేసులో సుప్రీంకోర్టు 2021 జూన్ 3న చెప్పింది. ఎవరైనా కసురుకుంటే ఈ తీర్పు గుర్తుచేయండి.

విదేశాలకు పంపే ఉద్దేశం ఉంటే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు వేరువేరు గడుల్లో ఉండేట్టు చూసుకోండి. అంతా ఒకే గడిలో పడితే అమెరికా వీసాలో పేరు ఉండాల్సినచోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వస్తుంది, పేరు తెలియదని దాని అర్థం.

తాత పేరు మార్చుకుంటే ఆయన్ను అవమానించినట్టు కాదా?

కాదు. మన ప్రాంతమే పేరు మార్చుకుంది. నిజాం వదిలించుకున్నాడు కాబట్టి ఇంగ్లీషువాళ్లు సీడెడ్ జిల్లాలన్నారు, మనవాళ్లు దత్తమండలాలన్నారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని పిలిపించుకోవడం ఇష్టం లేక 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించారు. ఆ పేరుతోనే మనం తలెత్తుకు తిరుగుతున్నాం. పాత పేరు ఎందుకొచ్చిందో కూడా మరచిపోలేదు. మనిషి విషయంలోనూ ఇట్లాగే చెయ్యండి. మార్చుకునేవాడు మార్చుకోవచ్చు, కథ మాత్రం ఇంట్లో ఉండాలి.

నేను టీచరును. హాజరు పిలిచేటప్పుడు తరగతి నవ్వితే ఏం చెయ్యాలి?

ముందు మనం నవ్వకూడదు. మనం కొంచెం ఆగినా, కనుబొమ ఎత్తినా తరగతికి అనుమతి ఇచ్చినట్టే. పేరు పూర్తిగా, స్పష్టంగా, మిగతా పేర్లు పిలిచిన గొంతుతోనే పిలవండి. నవ్విన పిల్లవాడిని నిలబెట్టి తిడితే ఆ కోపం సాయంత్రం ఈ బిడ్డ మీద తీరుతుంది.

నేను జూన్‌లో పిల్లలందరికీ ఒక పని ఇస్తాను. నీ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఇంట్లో అడిగి రాసుకురా అని. స్టైలు పేరున్న పిల్లలు సగం మంది రెండు వాక్యాలు రాస్తారు. నెట్టికంటయ్య రెండు పేజీలు రాస్తాడు. కసాపురం నెట్టికంటి ఆంజనేయుడికి అమ్మ ఏం మొక్కిందో, గుంతకల్లు స్టేషన్ నుంచి కాలినడకన ఎట్లా పోయారో, అవ్వ తలనీలాలు ఎందుకు ఇచ్చిందో. అవి తరగతిలో చదివించండి. చదివాక ఎవరూ నవ్వరు.

మా అవ్వ పేరు పుల్లమ్మ. పుట్టబోయే బిడ్డకు ఆమె గుర్తు ఉండాలి, బడిలో ఇబ్బందీ ఉండకూడదు.

పేరులో మొదటి అక్షరం ఉంచుకునేవాళ్లు ఉన్నారు. అవ్వ కొలిచిన దేవత పేరు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. రెండు పేర్లు కలిపి రికార్డులో రాయించి, పిలవడానికి ఒకటి వాడేవాళ్లూ ఉన్నారు. మీకు ఏది బాగుంటే అది చెయ్యండి. అయితే అవ్వ బతికే ఉంటే ఈ వారమే ఆమె దగ్గర కూర్చుని అడగండి. ఆమెకు ముందు ఎందరు పోయారు, ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించింది ఎవరు, అది ఎవరింటి పెళ్లి భోజనాలు, ఆమెను చేతుల్లోకి తీసుకున్న మనిషి ఎవరు. ఆమె మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఈ సంగతులు ఆమె తర్వాత చెప్పేవాళ్లు మీ ఇంట్లో ఎవరూ ఉండరు.